మూడు గుండ్లు

2012 మార్చిలో మా నల్లగొండలో ఒక పెద్దమనిషి బతికుండగానే పరామర్శలు అందుకున్నాడు.

ఆయన నా దోస్తు వాళ్ళ నాయిన. నేను పెద్దబాపు అంటాను. గడియారం సెంటర్ దగ్గర నా జిరాక్స్ షాపుకు నాలుగు షాపుల అవతల చాయ్ హోటల్ ఉండేది. రోజూ పొద్దున పేపర్ పట్టుకుని అక్కడే కూర్చునేవాడు. ఆ రోజూ కూర్చున్నాడు. ఊరి నుంచి వచ్చిన ఒకాయన దిగులు మొహంతో హోటల్ ముందు నుంచి పోతూ ఈయన్ను చూసి ఆగిపోయాడు. కాసేపు నోట మాట రాలేదు. చివరికి "చాయ్ తాగుతున్నవా?" అన్నాడు. "మరేం జేస్తున్నట్టు కనబడుతున్న నీకు?" అన్నాడు పెద్దబాపు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు ఇంటికే వెళ్ళారు. అందులో ఒకామె వాకిట్లోనే ఏడుపు అందుకుందట. ఈయనే లోపల్నుంచి బయటికొచ్చి "ఎవరు పోయిండ్రమ్మా?" అని అడిగాడట.

పుకారు పుట్టింది నా షాపులోనే. అప్పట్లో జిరాక్స్ మిషన్ పక్కన రెండు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ గంటకు ఇరవై రూపాయలకు ఇచ్చేవాణ్ణి. డిగ్రీ పిల్లలు ఫేస్‌బుక్ తెరిస్తే, న్యూజెర్సీలో ఉన్న నా దోస్తు ఫొటో కనబడింది. నున్నటి గుండు. పక్కన ఇంకో పది మంది తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, అందరివీ గుండ్లే. పిల్లలు పక్కవాళ్ళను చూడలేదు. "అమెరికాల గుండు ఎందుకు గీయించుకుంటడు? వాళ్ళ నాయిన పోయి ఉంటడు, రానీకి సెలవు దొరకలేదు గావచ్చు" అని తీర్మానం చేసేశారు. ఫొటోలో వాడు నవ్వుతున్నాడు కదరా అంటే, బాధలో కొందరు అట్లనే నవ్వుతరన్నా అన్నాడొకడు.

వాళ్ళ తప్పు కూడా కాదు. మన దగ్గర మగవాడు గుండుతో కనబడితే రెండే ప్రశ్నలు. "ఏ గుట్టకు పోయొచ్చినవ్?" అనేది మొదటిది, గట్టిగా అడుగుతారు. యాదగిరిగుట్టో, చెర్వుగట్టో, తిరుపతో చెబితే ప్రసాదం ఏదని చెయ్యి చాపుతారు. రెండోది గొంతు తగ్గించి అడుగుతారు. మూడో కారణం ఉంటుందని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

రాత్రి వాడికి ఫోన్ చేసి విషయం చెబితే పది నిమిషాలు నవ్వాడు. నవ్వి నవ్వి, "నీ మేనల్లుడు ఎట్లున్నడు?" అని అడిగాడు.

ఇక్కడ మా బుజ్జిగాడి గురించి చెప్పాలి.

వాడు మా అక్క కొడుకు. 2006లో పుట్టాడు. మరుసటేడు చెర్వుగట్టులో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాను. మేనమామ ఒడి కదా. నార్కట్‌పల్లి దగ్గర ఆ గట్టు మీద ఉన్నది జడల రామలింగేశ్వరస్వామి. జడలున్న దేవుడికి మనం జుట్టివ్వడం ఏంటని చిన్నప్పుడు అడిగి అమ్మతో మొట్టికాయ తిన్నాను. ఇంకా పైకి వెళితే మూడు గుండ్లు ఉంటాయి, పెద్ద బండరాళ్ళు. వాటి మధ్య సందులోంచి ఒంటిని పక్కకు తిప్పి దూరిపోవాలి. ఆ రోజు వాడు నా ఒళ్ళో ఎంత గింజుకున్నాడంటే, కత్తి ఎక్కడ తెగుతుందోనని వాడి తలను నా రెండు చేతులతో పట్టుకున్నాను. అరచేతుల్లో ఆ వేడి తల ఇప్పటికీ గుర్తే. తర్వాత గంధం పూస్తే ఏడుపు ఆపి, సొంత తలను తడుముకుని ఆశ్చర్యపోయాడు.

2011 చివర్లో వాడికి జ్వరం మొదలైంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళు నొప్పులని రాత్రుళ్ళు ఏడ్చేవాడు. ఎదిగే పిల్లలకు అట్లనే ఉంటదని టానిక్ రాశారు ఒక డాక్టరు గారు. నెల రోజులు ఆ టానిక్ తాగించాం. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. దెబ్బ తగలకుండానే తొడల మీద నీలి మచ్చలు వచ్చాయి. సంక్రాంతి నాడు అక్క వాడికి నలుగు పెడుతూ ఆ మచ్చలు చూసి, వాణ్ణి ఎవరో కొట్టారనుకుని బడిలో గొడవకు కూడా సిద్ధమైంది. అప్పుడు రక్త పరీక్ష చేయించాం. రిపోర్టు నా షాపులోనే జిరాక్స్ తీశాను, మూడు సెట్లు. తెల్ల కణాల దగ్గర అంకె చూశాను. నేను బీఎస్సీ బీజెడ్‌సీ చదివినవాణ్ణి, ఆ అంకె నాకు అర్థమైంది. కాగితం మిషన్‌లోంచి వెచ్చగా బయటికి వస్తుంటే పట్టుకోబుద్ధి కాలేదు.

అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. హైదరాబాద్‌లో చేర్పించాం. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి నిలబడ్డాం. 2007 ఏప్రిల్‌లో మా పక్క పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత అంతటికీ ఇచ్చారు దాన్ని. అది లేకపోతే బావకు ఉన్న రెండెకరాల బత్తాయి తోట మొదటి నెలలోనే పోయేది.

ఫిబ్రవరిలో వాడి జుట్టు రాలింది. మందు ఎక్కించిన రెండు మూడు వారాలకు అట్లా అవుతుందని ముందే చెప్పారు. క్యాన్సర్ కణం వేగంగా పెరుగుతుంది, వెంట్రుక మొదట్లో ఉండే కణమూ వేగంగానే పెరుగుతుంది, మందుకు ఆ రెండింటికీ తేడా తెలియదు. తెలిసినా చూడటం వేరు. పొద్దున లేచేసరికి దిండు మీద జుట్టు. అక్క దాన్నంతా ఏరి ఒక గుడ్డలో మూట కట్టి బీరువాలో దాచింది. ఎందుకో అడగలేదు.

దోస్తు అడిగింది ఈ పిల్లవాడి గురించే. వాడు గుండు గీయించుకున్నదీ ఇలాంటి పిల్లల కోసమేనట. సెయింట్ బాల్డ్రిక్స్ అని ఒక ఫౌండేషన్. ఆ పేరుతో సెయింట్ ఎవరూ లేరు. ఐర్లాండ్ వాళ్ళ సెయింట్ పాట్రిక్స్ పండుగకు, బట్టతలకు ఇంగ్లీషులో ఉన్న మాటను అతికించి పెట్టుకున్నారు. బీమా కంపెనీలకే బీమా చేసే వ్యాపారం ఒకటి ఉంటుంది, అందులో పనిచేసే ముగ్గురు దోస్తులు మొదలుపెట్టారు. ఏటా తాగి గంతులేసే పండుగను ఏదైనా పనికొచ్చేలా చేద్దామని, 2000 మార్చి 17న న్యూయార్క్‌లో ఒక పబ్బులో కుర్చీలు వేశారు. 17వ తారీఖు, 17 గుండ్లు, 17 వేల డాలర్లు, ఇదీ లెక్క. తీరా 19 మంది కూర్చున్నారు, లక్షా నాలుగు వేల డాలర్లు దాటింది. అప్పట్నుంచి ఏటా ఊరూరా చేస్తున్నారు. "నేను గుండు గీయించుకుంటా, మీరెంత ఇస్తారు?" అని తెలిసినవాళ్ళను అడగాలి. వచ్చిన డబ్బు పిల్లల క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇస్తారు.

"మన దగ్గర కూడా చేద్దామా?" అన్నాను. నిద్రమత్తులో అన్నానో ఏమో.

మొదటి అడ్డం అమ్మే. "మీ బాపు నడుస్తుండు, తిరుగుతుండు. దేవునికి మొక్కకుండ ఉత్తగ గుండు గీయించుకుంటవా? అపశకునం." బాపు మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "గీయించుకోనీ, నేను పోయినప్పుడు మల్ల ఖర్చు ఉండది" అన్నాడు. అమ్మ ఆయన మీదికి చెంబు విసిరినంత పని చేసింది. చివరికి అమ్మే మధ్యేమార్గం చూపింది: కుర్చీ చెర్వుగట్టు దిక్కుకు తిప్పి కూర్చోవాలి, మనసులో స్వామిని తలచుకోవాలి, అడిగినోళ్ళకు మాత్రం నీ ఇష్టం వచ్చింది చెప్పుకో. సరే అన్నాను.

రెండో అడ్డం, పైసలు. చందా అడిగితే ఇవ్వని ఊరు కాదు మాది. కానీ పరిశోధన అనగానే మొహాలు మారేవి. "పరిశోధన అంటే ఏందన్నా? ఏ పిల్లగానికి?" అనేవాళ్ళు. పిల్లగాడి పేరు చెప్పు, ఊరు చెప్పు, ఇస్తాం. పేరు లేని పిల్లగాడికి ఎట్లా ఇస్తాం? న్యాయమైన ప్రశ్నే. నా షాపు ఎదురుగా సెలూన్ నడిపే మామ కూడా అదే అడిగాడు, కత్తెర ఆపి మరీ.

ఆయనకు చెప్పినంత వివరంగా నేను డిగ్రీ పరీక్షలో కూడా రాయలేదు. మామా, 1948కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్ళు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అని మన తెలుగాయన అమెరికాలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తూ, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను తయారు చేశాడు. దాన్ని ఇస్తే లుకేమియా ఇంకా పెరుగుతున్నట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గమనించాడు. విటమిన్‌తో పెరుగుతుంటే, దానికి అడ్డుపడేది ఇస్తే తగ్గాలి కదా. అట్లా అడ్డుపడే మందును సుబ్బారావు బృందమే చేసి పంపింది. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కొంతకాలం కోలుకున్నారు. తర్వాత మళ్ళీ తిరగబెట్టింది, అది వేరే సంగతి. కానీ అంతకుముందు ఆ కొంతకాలం కూడా లేదు. 1948 జూన్‌లో అది అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే చనిపోయాడు, 53 ఏళ్ళకు. ఆ మందు తమ్ముడే మెథోట్రెక్సేట్. మా బుజ్జిగాడి వెన్నులోకి ఎక్కించే పసుపుపచ్చ మందు అదే.

"ఆయన మా వాడి పేరు తెలుసుకుని చేసిండా మామా?"

సెలూన్ మామ ఏమీ అనలేదు. నేనే ఊరుకోలేక ఇంకోటి కూడా చెప్పాను. మా ఇంటి వాకిట్లో అమ్మ పూజకు కోసే బిళ్ళగన్నేరు ఉంది కదా, దాన్నుంచి తీసిందే విన్‌క్రిస్టిన్. వారానికోసారి వాడి చేతికి ఎక్కించేది. ఆ మాటకు మాత్రం ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. "బిళ్ళగన్నేరా? బర్రెలు కూడ ముట్టయి దాన్ని." అవును, విషం కాబట్టే ముట్టవు, విషం కాబట్టే పనిచేస్తుందన్నాను. ఆయన కత్తెర మళ్ళీ ఆడిస్తూ, "ఆదివారం గిరాకీ ఉంటది. మధ్యాహ్నం రెండు దాటినంక రాండ్రి. నా పైసలు నాకొద్దు, అవి కూడ డబ్బాల వెయ్యి" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. నల్లగొండ ఎండ తెలుసు కదా, తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంది. ముందు ఒప్పుకున్నది ముగ్గురమే: నేను, చాయ్ హోటల్ ఓనరు, మా అడ్డా మీది ఆటో తమ్ముడు. "చెర్వుగట్టు దాకా ఎందుకన్నా, మూడు గుండ్లు ఈడనే చూపిస్తున్నం" అని ఆటో తమ్ముడు అరుస్తుంటే జనం మూగారు. అంతకంటే మంచి ప్రచారం నేను ఆలోచించినా దొరికేది కాదు.

మా కంటే ముందు అక్క వచ్చింది. పూర్తిగా ఇస్తానని ఇంట్లో పట్టుబట్టింది కానీ అమ్మ పడనివ్వలేదు. మూడు కత్తెర్లు ఇచ్చింది. సెలూన్ మామ చేతులు కడుక్కుని వచ్చి, మగవాళ్ళ సెలూన్లో ఆడపిల్ల జుట్టు తాకుతున్నందుకు కాస్త బెరుకుతో, కొసలు మూడుసార్లు కత్తిరించాడు. ఆ మూడు కుచ్చులు కొంగులో కట్టుకుని అక్క రోడ్డు దాటి నా షాపులోకి వెళ్ళిపోయింది.

బుజ్జిగాడు ఆ షాపులోనే ఉన్నాడు. వాడి రక్తకణాల కౌంట్లు తక్కువ, జనంలోకి తీసుకురావద్దన్నారు. మాస్కు కట్టుకుని, టోపీ పెట్టుకుని, అద్దం తలుపు వెనక స్టూలు మీద నిలబడి చూస్తున్నాడు. నా కుర్చీ చెర్వుగట్టు దిక్కుకు తిప్పితే వాడు కనబడడం లేదు. నేనే కొంచెం పక్కకు జరుపుకున్నాను. స్వామి ఏమీ అనుకోడులే.

మామ నా తల మీద రెండు చెంబులు గుమ్మరించి, వేళ్ళతో బాగా మర్దించి, బ్లేడును నడిమికి విరిచి సగం కత్తికి బిగించాడు. నడినెత్తి నుంచి మొదలుపెట్టి ముందుకు లాగాడు. ఆ చప్పుడు చెవికి వినబడదు, పుర్రె లోపల వినబడుతుంది, కొత్త బట్ట చింపినట్టు. తడి జుట్టు ఒళ్ళో పరిచిన తువ్వాల మీద పడుతుంటే ఇంత బరువుందా అనిపించింది. చెవి వెనక ఒక చోట తెగింది. పటిక రుద్దితే చుర్రుమంది.

సాయంత్రానికి పదకొండు గుండ్లయ్యాయి. అందులో ఇద్దరు ఇంటర్ పిల్లలు, అమ్మ చేత తిట్లు తింటామని తెలిసీ కూర్చున్నారు. ఒకాయన మాత్రం చందా గిందా ఏమీ లేకుండా, ఎండకు ఎట్లాగూ తీయించుకుందామనుకున్నానని ఊరికే గీయించుకుని పోయాడు. పెద్దబాపు డబ్బాలో ఐదు వందలు వేసి, "నాకు గుండు వద్దు, ఒకపాలి చచ్చిన కదా" అన్నాడు.

గంధం పూసుకుని నేను రోడ్డు దాటి షాపులోకి వెళ్ళాను. చేతులు కడుక్కోనిదే దగ్గరికి రానివ్వలేదు అక్క. బుజ్జిగాడు స్టూలు దిగకుండానే నా తల మీద చెయ్యి పెట్టాడు. ముందుకూ వెనక్కూ రుద్దాడు. తర్వాత టోపీ తీసి తన తల రుద్దుకున్నాడు.

"నీది గరుకుగున్నది మామా. నాది నున్నగ ఉన్నది."

నిజమే. కత్తి ఎంత బాగా నడిచినా వెంట్రుక మొదలు లోపల ఉంటుంది. వాడిది మొదలే లేదు. కాసేపు ఆలోచించి అన్నాడు, "నీది రేపే వస్తది. నాదెప్పుడొస్తది?"

వస్తదిరా అన్నాను. ఇంకేమంటాను. మరునాడు పొద్దున అద్దంలో చూసుకుంటే నల్లగా మొలకలు వచ్చేశాయి. ఆ మొలకలు చూసి అంత సిగ్గుపడతానని అనుకోలేదు. వారం పాటు రుమాలు కట్టుకుని తిరిగాను.

డబ్బా విప్పితే ముప్పై ఎనిమిది వేల ఆరు వందల నలభై. ఇవ్వబోతే బావ తీసుకోలేదు. "మావోనికి నడుస్తున్నది, బస్సుకు పైసలు లేక రానోళ్ళు శానమంది ఉన్నరు" అన్నాడు. ఆ మాట విలువ తర్వాత తెలిసింది. వైద్యం ఉచితంగా దొరికినా రెండున్నరేళ్ళు తిరగాలి. కూలి పోతుంది, బస్సు చార్జీలు, అక్కడ తిండి. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 మందికి కూడా కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికున్న కారణాల్లో ఈ ఆపేయడం ఒకటి.

నేను కాపీ నోట్‌బుక్ ఒకటి పెట్టి, మా వైపు నుంచి వచ్చే కుటుంబాలకు చార్జీలు ఇస్తూ రాసుకున్నాను. గుండు పేరుతో పైసలు మింగిండని ఒకాయన అంటే, కోపమొచ్చి ఆ పేజీలన్నీ జిరాక్స్ తీసి షట్టర్‌కు అంటించాను. జిరాక్స్ షాపు వాడితో పెట్టుకోవద్దు.

ఆ నోట్‌బుక్‌లో దేవరకొండ వైపు తండా పాప ఒకతి ఉంది. మూడు నెలలు వచ్చి ఆగిపోయారు. బావా నేనూ బండి మీద వెళితే, తండ్రి మేస్త్రీ పనికి ఎటో వలస పోయాడు, అవ్వ దగ్గర పిల్ల ఉంది, జుట్టు మళ్ళీ మొలుస్తోంది. "జుట్టొచ్చింది కద అన్నా, నయమైందనుకున్నం" అన్నాడు తండ్రి ఫోన్లో. తీసుకొచ్చాం. ఇంకో నాలుగు పేజీల్లో ఆ పాప ఊరి పేరు ఉంటుంది. తర్వాత లేదు.

పరిశోధనకు మా ఊరి నుంచి ఒక్క రూపాయీ పోలేదని దోస్తుతో అంటే, వాడు మరుసటేడు మార్చిలో మా పదకొండు గుండ్ల ఫొటో చూపించి అక్కడ చందా అడిగాడు. మా గుండ్లకు డాలర్లు బాగానే పలికాయట. సెలూన్ మామకు చెబితే, "చేసింది నేను, పేరు మీది" అన్నాడు.

బుజ్జిగాడి మందులు 2014లో ఆగాయి. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది, మా వంశంలో ఎవరికీ లేనట్టు. అమ్మ జడల స్వామి దయ అంటుంది. మొక్కు తీర్చడానికి వాణ్ణి గట్టుకు తీసుకెళ్ళి మళ్ళీ గుండు గీయిద్దామంటే అక్క ఒప్పుకోలేదు. అంత అణకువ గల అక్క, జీవితంలో మొదటిసారి అమ్మకు ఎదురు చెప్పింది. వాడికి బదులు తనే ఇచ్చేసి వచ్చింది, ఈసారి మూడు కత్తెర్లు కాదు, మొత్తం.

ఇప్పుడు వాడు డిగ్రీ. జెల్ డబ్బా నెలకొకటి అవుతుందని బావ గొణుగుతాడు. షాపుకొస్తే అదే అద్దం తలుపులో పది నిమిషాలు దువ్వుకుంటాడు. మొన్న వేసవిలో ఆ జుట్టు కళ్ళ మీద పడుతుంటే చూడలేక, "ఎదురుగ సెలూన్ ఉన్నది, పోయి జెర తగ్గించుకోరాదురా" అన్నాను.

"నా జుట్టు జోలికి రాకు మామా. ఇప్పటికే రెండుసార్లు ఇచ్చిన" అన్నాడు. నా నెత్తి వైపు చూసి నవ్వాడు. పదేళ్ళుగా నాది కత్తి అవసరం లేని నున్నటి తల. ఏ గుట్టకు పోయొచ్చినవని ఎవరూ అడగరు.